‘తులౌ’ అన్న ఆ పెద్దావిడకు

మా వారు నిన్న సాయంత్రం లేచి కూర్చున్నారు. నాలుగు చెంచాల గంజి తాగారు. ప్లేట్‌లెట్లు 19 వేల నుంచి 74 వేలకు వచ్చాయి. ఫిజీ రాజధాని సువాలో ఆసుపత్రి వరండా బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు, తప్పులుంటే మన్నించండి.

తెలియనివారి కోసం: మేమిద్దరం ఏడాదిన్నరగా ఫిజీలోని కందవు దీవిలో స్వచ్ఛంద సేవకులుగా ఉంటున్నాం. మ్యాపులో కడవు అని కనిపిస్తుంది, ఇక్కడివారి నోట మాత్రం కందవే. నేను బడిలో లెక్కలు చెబుతాను, ఆయన వాన నీటి ట్యాంకులు బాగుచేస్తారు. మా ఊరికి రోడ్డు లేదు. ఎక్కడికి వెళ్లాలన్నా ఫైబర్ పడవే. ఫోను మాట్లాడాలంటే యంగోన (కావా పానీయం చేసే మొక్క) తోటలు దాటి కొండ ఎక్కాలి. ఆ ట్యాంకుల నిలవ నీళ్లలో పెరిగే దోమే ఆయనకు డెంగీ తెచ్చిపెట్టింది.

నాలుగో రోజున చిగుళ్ల నుంచి రక్తం కారింది. మా దీవిలోని పెద్ద ఊరు వునిసేయాలో డాక్టరమ్మ పరీక్షలు చూసి, ఆలస్యం చేయకుండా సువాకు తీసుకెళ్లమన్నారు. ఆ రోజు విమానం లేదు. రాత్రి ఓడ ఒక్కటే దిక్కు.

ప్రత్యేక విమానం కోసం బీమా కంపెనీకి ఫోను చేస్తే ఇంటి నంబరు, వీధి పేరు అడిగారు. మా ఊళ్లో వీధులే లేవమ్మా అంటే, ఆ గడి నింపకపోతే దరఖాస్తు ముందుకు కదలదన్నారు. నలభై నిమిషాలు! రక్తం కారుతున్న మనిషిని పక్కన పెట్టుకుని వీధి పేరు వెతకాలా? పేర్లు చెప్పను గాని, మారుమూల దీవులకు మనుషులను పంపేవాళ్లు ముందు ఆ కాగితాలు మార్చాలి. ఇప్పటికీ జవాబు రాలేదు.

ఓడ డెక్కు మీద ఆయన్ను పడుకోబెట్టడానికి చోటు లేదు. దుంపల బస్తాల మధ్య కూర్చున్న ఒక ముసలావిడ లేచి, తన చాప మా వైపు పరిచి, తాను వట్టి ఇనుప నేల మీద కూర్చుంది. సంచిలోంచి ఉతికిన సులూ గుడ్డ (ఇక్కడివారు లుంగీలా చుట్టుకునేది) తీసి నీళ్లలో తడిపింది. ఫిజీ పల్లెల్లో ఒకరి తల తాకడం పెద్ద తప్పు. తాకక తప్పకపోతే ‘తులౌ’ అని అనుమతి అడగాలి. ఈయనకు స్పృహ సరిగా లేదు. అయినా ఆవిడ వంగి, ఈయన చెవి దగ్గర మెల్లగా ‘తులౌ’ అని, ఒక క్షణం ఆగి, అప్పుడు నుదుటి మీద గుడ్డ వేసింది. గుడ్డ వేడెక్కిన ప్రతిసారీ మళ్లీ తడపడం, మళ్లీ ‘తులౌ’. తెల్లవార్లూ అంతే. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అక్కడ కట్ట తెంచుకుంది. ఆవిడ నన్ను ఓదార్చలేదు. ఫ్లాస్కులోంచి నిమ్మాకు టీ పోసి చేతికిచ్చింది.

తెల్లవారితే శనివారం. సువా సంతకు ఆ రోజే పెద్ద బేరం. దాని కోసమే ఆవిడ అన్ని బస్తాలు తెచ్చుకుంది. వాటిని రేవులో ఎవరికో అప్పగించి మాతో ఆసుపత్రికి వచ్చేసింది. ఆయనకు మంచం దొరికేదాకా కదల్లేదు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి నా ముందు స్టీలు గిన్నె పెట్టింది. దాలో దుంప, కొబ్బరిపాలలో ఉడికిన దాలో ఆకు. మన చేమదుంప, చేమాకే! ‘మై కనా’ అంది. రా, తిను అని. మూడు రోజుల తర్వాత నాకు అన్నం రుచి తెలిసింది.

పేరు అడిగితే, ‘బుంబు’ అని పిలవమంది. అంటే అమ్మమ్మ. ఏ ఊరో చెప్పింది కాని, ఆ గందరగోళంలో నా బుర్రకెక్కలేదు. ఎంత పొరపాటు చేశానో! సులూ ఉతికి మడతపెట్టాను. ఆయన నడవగలిగాక శనివారం సంతలో బస్తా బస్తా దగ్గరా వెతుకుతాను. బుంబూ, వినాకా వకాలేవు, చాలా చాలా కృతజ్ఞతలు. ఈ తెలుగు మీకు అర్థం కాదు, అయినా చేతులెత్తి మొక్కుతున్నాను.

మా అమ్మాయి, అల్లుడు, తమ్ముడు ఫోన్లు చేస్తూ, డబ్బు పంపుతూనే ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పక్కరలేదు.

ఆ రాత్రి పడవ నడిపిన అబ్బాయికి, ఆటు సమయంలో పగడపు దిబ్బల మీదుగా ఈయన్ను మోసుకొచ్చిన ఆరుగురు కుర్రాళ్లకు, పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా వేయొద్దని మొదటి రోజే హెచ్చరించిన మా ఊరి నర్సుకు కూడా నమస్కారాలు.

అయ్యో, టాక్సీ ఆయన్ను మరిచాను. ఆయన ముత్తవ్వ గిర్మిట్ (బ్రిటిష్ కాలపు ఒప్పంద) కూలీగా మద్రాసు రేవులో ఓడ ఎక్కిందట. డబ్బులిస్తే తీసుకోలేదు.

రక్తం ఇచ్చిన ఇద్దరు కూడా ఉన్నారు. వాళ్ల ముఖాలు కూడా నేను చూడలేదు.