బడిలో మట్టి పాఠం భోజనం పళ్లెం దాకా సాగాలి

సంపాదకులకు నమస్కారం.

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మధ్యాహ్న భోజనానికి తోడుగా బడుల్లో పోషక తోటలు పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ గతంలో నేను పనిచేసిన ఒక బడిలో తనిఖీకి ముందు హడావుడిగా నాటిన వంగ, టమాటా నారు సంక్రాంతి సెలవులు ముగిసేసరికి ఎండిపోయింది. ఆ మడి ఎవరి పాఠంలోనూ లేదు, ఎవరి పీరియడులోనూ లేదు. అందుకే నీళ్లు పోసేవారూ లేకపోయారు. తోటను తరగతి గదితోనూ, వంటగదితోనూ కలపనంత కాలం ఇదే జరుగుతుందని నా అభిప్రాయం.

ఇప్పుడున్న బడిలో మేము మొక్కతో కాకుండా మట్టితో మొదలుపెట్టాం. మా పిల్లల్లో ఎక్కువమంది పత్తి రైతుల బిడ్డలు. వారు తమ చేనులోంచి ఒక ఎండుగడ్డను, ఊరి చివర వేపచెట్టు కిందనుంచి మరొక గడ్డను తెచ్చి, వాటిని వలగుడ్డలో ఉంచి నీళ్లు నింపిన గాజు గ్లాసుల్లో వేలాడదీశారు. చేను గడ్డ కొద్ది నిమిషాల్లోనే విడిపోయి అడుగున బురదగా చేరింది. ఆకులూ అలములూ కుళ్లిన సేంద్రియ పదార్థమూ, వేళ్లూ, శిలీంధ్రాల పోగులూ బంకలా పట్టి ఉంచడం వల్ల చెట్టు కింది గడ్డ పీరియడు ముగిసేదాకా నిలిచింది. తమ చెల్కలో వాన నీరు ఇంకకుండా ఎందుకు పారిపోతుందో ఆ రోజు నేను చెప్పనవసరం లేకపోయింది. ఆ తరువాత రెండు నూలు గుడ్డముక్కలను, ఒకటి పశువుల ఎరువు వేసిన మడిలో, మరొకటి గట్టిపడిన ఆటస్థలంలో పాతిపెట్టి, రెండు నెలలకు తవ్వి చూశాం. మడిలోని గుడ్డ పోగులు పోగులుగా చివికిపోయింది, రెండోది దాదాపు అలాగే ఉంది. కంటికి కనబడని జీవులు పని చేస్తాయన్న వాక్యాన్ని పిల్లలు అప్పటిదాకా పరీక్ష కోసమే చదివారు.

ఇక ఆహారం సంగతి. పొలం మట్టిని పరీక్షించి రైతుకు ఇచ్చే, 2015లో మొదలైన నేల ఆరోగ్య కార్డు పన్నెండు అంశాలను చూపుతుంది, వాటిలో జింకు, ఇనుము ఉన్నాయి. జింకు లోపించిన నేలలో పండిన ధాన్యంలో కూడా జింకు తగ్గుతుంది. రక్తహీనతకు నేల ఒక్కటే కారణమని నేను అనను, అలా చెప్పడం పిల్లలకు తప్పు నేర్పడమే అవుతుంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నప్పుడు, ఐరన్ మాత్ర మింగించి ఊరుకోవడం సరిపోదు. తోటకూర పప్పులో నకిరేకల్ నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని పాఠంలో చెప్పి, అదే రోజు పళ్లెంలో వడ్డించవచ్చు. ఆకుకూరను పళ్లెం అంచుకు నెట్టేసే పిల్లలు తాము కోసుకొచ్చిన కూరను అడిగి వేయించుకోవడం నేను చూశాను. తరగతిలో నోరు విప్పని ఒక ఏడో తరగతి బాలుడు మడి దగ్గర తోటివారికి కలుపు తీయడం నేర్పుతున్నాడు. ఆ బిడ్డ ముఖంలోని వెలుగును ఏ మార్కుల పట్టికలోనూ నమోదు చేయలేను.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా నేర్చుకునే వీలు కల్పించింది. వాటిలో కనీసం మూడింటిని విద్యాశాఖ ఈ పనికి కేటాయించాలి. వ్యవసాయ విస్తరణాధికారి సమక్షంలో పిల్లలే పదిచోట్ల పదిహేను సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో నమూనాను పరీక్ష కేంద్రానికి పంపాలి. ఫలితం వచ్చాక దాన్ని తరగతిలో చదవాలి. వంట చేసే అక్కలను కూడా ఈ పాఠంలో భాగస్వాములను చేసి, కూరగాయల తొక్కలూ బియ్యం కడిగిన నీళ్లూ మడికి చేరేలా చూడాలి. వేసవి సెలవుల సమస్యకు మా బడిలో కనుగొన్న మార్గం చిన్నదే: జూన్‌లో విత్తి ఫిబ్రవరికి ఆకుకూరలు ముగించి, మడిపై ఎండుగడ్డి కప్పి, మునగ, కరివేప మాత్రం ఉంచుతున్నాం. చేతులు కడిగిన నీరు మడికి పారేలా ఒక కాలువ, ఒక తొట్టి కట్టించడానికి పాఠశాల నిధుల్లో కొంత సొమ్ము వాడుకునే అనుమతిని ఈ విద్యాసంవత్సరంలోనే ఇవ్వాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్గొండ జిల్లా