మా మడ్‌గార్డుల సంగతి చెప్పే నాథుడే లేడా?

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: బాగుచేయడానికి ఇచ్చిన మడ్‌గార్డుల గురించి మీ కంపెనీలో ఎవరూ జవాబివ్వకపోవడం

నమస్కారం. నా 1952 ఎంజీ టీడీ కారు నాలుగు మడ్‌గార్డులూ బాగుచేసిస్తామని మీరు విప్పి తీసుకుని ఎండాకాలం పోయింది, వానాకాలమూ పోయింది. ఆలస్యమైనందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. టింకరింగ్ పని తొందరపెడితే చెడుతుందని నాకూ తెలుసు. ఇన్నాళ్లుగా అడుగుతున్నా, మీ దగ్గర నాకు సమాధానం చెప్పే మనిషంటూ లేకపోవడమే నా కోపమంతా.

మొదట్లో మీ సర్వీస్ అడ్వైజర్ గారు ఫోన్ ఎత్తేవారు. "మేస్త్రీని అడిగి రేపు చెప్తాను సార్" అనేవారు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. కొన్నాళ్లకు ఆయన ఫోన్ మూగబోయింది. ఆఫీసుకు చేస్తే ఆయన మానేశారన్నారు. మరి ఆయన చూసే బండ్లను ఇప్పుడెవరు చూస్తున్నారని అడిగితే, కస్టమర్ కేర్‌కి చేయమని పెట్టేశారు.

అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఎంజీలో ఏ మోడల్ సార్, హెక్టరా, ఆస్టరా?" అంది. అవి ఈ కాలం బండ్లు, ఇది 1952 బండమ్మా అంటే, 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెప్పమంది. ఆ పద్ధతి వచ్చిందే 1980ల ప్రాంతంలో. నా బండి నంబరు టీడీ అన్న రెండక్షరాలు, ఓ గీత, తర్వాత కొన్ని అంకెలు. అది కొడితే కంప్యూటర్ తీసుకోదట. "మీ బండి మా సిస్టంలో లేదు సార్" అని తేల్చేసింది. సిస్టంలో లేని బండికి అడ్వాన్సు ఎలా తీసుకున్నారు? నా దగ్గరున్న రసీదు మీద మీ ముద్రే ఉంది కదా!

సూపర్‌వైజర్‌తో మాట్లాడతానంటే లైన్లో ఉండమన్నారు. సంగీతం వింటూ కూర్చున్నాను. చివరికి ఫోన్ కట్ అయింది, సాయంత్రానికి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. మర్నాడు ఇంకెవరో ఫోన్ చేసి, మా సేవకు ఐదుకి ఎన్ని మార్కులిస్తారని అడిగారు. నా మడ్‌గార్డులు ఎక్కడున్నాయో చెప్పమంటే, "మాది ఫీడ్‌బ్యాక్ డిపార్ట్‌మెంటే సార్" అన్నారు. మనిషిని ఇంత చులకనగా చూడొచ్చా?

ఇక లాభం లేదని విజయవాడ నుంచి బస్సెక్కి హైదరాబాద్‌లోని మీ షెడ్డుకే వచ్చాను. చూసి కడుపు తరుక్కుపోయింది. పెయింటంతా గీకేసి, ప్రైమర్ కూడా కొట్టకుండా చూరు కింద పడేశారు. ముందు ఎడమ మడ్‌గార్డు మీద వేలు పెడితే ఎర్రటి పొడి అంటుకుంది. గీకిన రేకును వానాకాలంలో అలా వదిలేస్తే తుప్పు పట్టక ఏమవుతుంది? వెనుక కుడిదానికి తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తామని ఎస్టిమేట్‌లో రాశారు. అయస్కాంతం పెట్టి చూశాను. పైన టక్కున అతుక్కుంది, కింది అంచుకు జరిపేసరికి జారి పడిపోయింది. అక్కడున్నది రేకు కాదు, మందంగా మెత్తిన పుట్టీ.

అదేమిటని అడిగితే అక్కడున్నాయన, "ఫైబర్‌వి వేసేద్దాం సార్, రంగు కొడితే ఎవరికీ తెలియదు" అన్నాడు. నాకు తెలుస్తుందండీ! ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1949 నుంచి 1953 దాకా తయారైన ఈ బండ్లు మొత్తం 30 వేల లోపే. ముందు చక్రం మీద నుంచి ఫుట్‌బోర్డు దాకా జారే ఆ మడ్‌గార్డు వంపులోనే ఈ బండి అందమంతా ఉంది. డెబ్బై ఏళ్లు దాటి నిలబడ్డ రేకును పక్కన పారేసి, ఫైబర్ తొడుక్కోమంటారా?

మా నాన్నగారి ఫియట్‌కి రంగు వేయించింది మీ దగ్గరే. అప్పుడు మీ నాన్నగారే స్వయంగా బయటికొచ్చి, తలుపు వేసి తీసి, సందు సమంగా ఉందో లేదో చూసి మరీ తాళాలు చేతికిచ్చారు. ఆ నమ్మకంతోనే ఎంతోమంది స్నేహితుల్ని మీ దగ్గరికి పంపాను. ఇప్పుడు వాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ముందు మీరు స్వయంగా నాకు ఫోన్ చేయాలి. కస్టమర్ కేర్ వాళ్లతో చేయించొద్దు. ఆ పుట్టీ గీకించి, ఒప్పుకున్న ప్రకారం రేకు పని చేయించి, నా మడ్‌గార్డులు నాకు అప్పగించాలి. చేతకాకపోతే ఆ మాటే చెప్పి, అడ్వాన్సుతో సహా తిరిగిచ్చేయండి. మీ మనుషులు చేసిన పాడుకు పరిహారం ఎంతో కూర్చుని మాట్లాడదాం.

దీపావళి లోపు మీ నుంచి కబురు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడితో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. షెడ్డులో తీసిన ఫొటోలు, ఎస్టిమేట్, రసీదు, "పరిష్కారమైంది" అన్న మీ మెసేజ్ అన్నీ దాచి ఉంచాను. ఈలోగా నా మడ్‌గార్డులను చూరు కింద నుంచి తీసి పొడిచోట పెట్టించి, కనీసం ప్రైమర్ కొట్టించండి. ఈ పని మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే జరగాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విజయవాడ