రంగులరాట్నం కాపాడుకున్న ఊరు

సంపాదకులకు,

మొన్న అమెరికాలో మా అబ్బాయి స్పోకేన్ రివర్‌ఫ్రంట్ పార్కుకు తీసుకెళ్తే, ఈ వయసులో రంగులరాట్నం ఎక్కాను! 1909లో చార్లెస్ లూఫ్ అనే రంగులరాట్నాల తయారీదారు తన కూతురికి పెళ్లికానుకగా ఇచ్చినదట. 54 గుర్రాలు, ఒక జిరాఫీ, ఒక పులి, అన్నీ చేత్తో చెక్కినవే. తోకలు నిజం గుర్రపు వెంట్రుకలు! చూసేవాళ్లకు కనబడే కుడివైపే నగిషీ ఎక్కువ, లోపలివైపు సాదాసీదా. మన పెళ్లిపందిరి ముందు భాగంలాగే. అది మొదట ఉన్న పాత పార్కు మూతపడ్డాక కూడా దాన్ని పోనివ్వలేదు. 1975లో ఈ రివర్‌ఫ్రంట్ పార్కులో నిలబెట్టారు.

మా ఊరి తిరనాళ్లలో తిరిగిన చెక్క గుర్రాలేమయ్యాయని అడిగితే, పొయ్యిలోకి పోయాయన్నారు. ఎక్కడైనా ఇంకా మిగిలుంటే, మున్సిపాలిటీలు కొని పార్కుల్లో పెట్టాలని మనవి.

– ఒక పాఠకుడు, తెనాలి