స్పామ్‌లో పడిన జవాబు

సంపాదకుడు గారికి,

మా పర్లాకిమిడి బడిలో తెలుగు మాస్టారి పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. నెల దాటినా జవాబు లేదు. "తెలుగోళ్ళ కాగితం గదా, ఎక్కడో తొక్కీసుంటారు" అన్నారు అరుగు మీద వాళ్ళు. నేనూ తలూపాను. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పటి నుంచీ ఈ అనుమానం మాకు పెద్దలిచ్చిన ఆస్తి.

తీరా నెట్ సెంటర్ కుర్రాడు నా జీమెయిల్‌లో స్పామ్, అంటే అక్కర్లేని మెయిళ్ళను పక్కన పడేసే అర, తెరిస్తే, లాటరీకీ లోనుకీ మధ్య ఆ జవాబు నక్కి ఉంది. వచ్చి 26 రోజులు! స్పామ్‌లో పడ్డది 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. మొదటి అప్పీలుకూ, జవాబు అందిన నాటి నుంచి గడువు 30 రోజులే. ఆలస్యానికి తగిన కారణం చూపితే తీసుకోవచ్చని చట్టంలో ఉంది గానీ, "స్పామ్‌లో పడింది బాబూ" అంటే నమ్మేదెవరు?

ఆ మెయిల్ పంపింది నిజంగా ఆ కార్యాలయమేనని తేలలేదట, అందుకే జీమెయిల్ పక్కన పడేసింది. పంపేవాళ్ళు తమ డొమైన్‌కు (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరుకు) ఎస్‌పీఎఫ్, డీకిమ్ లాంటి గుర్తింపులు సరిగా పెట్టుకోకపోతే ఇలాగే అవుతుందని కుర్రాడు చెప్పాడు. పోయినేడు మేం 40 మందిమి ఒకే వినతిపత్రాన్ని ఒకే పూట, ఇదే సెంటర్ నుంచి పంపాం. అవీ అక్కడ స్పామ్‌లోనే పడుంటాయట. "మిషను కంటికి లోన్లవాళ్ళూ మీరూ ఒకటే మాస్టారూ" అని నవ్వాడు.

ఈ అనుమానం మనకొక్కరికే కాదు. అమెరికాలో జీమెయిల్ తమ మెయిళ్ళను కావాలనే స్పామ్‌లో వేస్తోందని రిపబ్లికన్ పార్టీ 2022లో గూగుల్ మీద కోర్టుకెక్కింది, 2023లో దావా కొట్టేశారు. ఆ గొడవకు ఊపిరి పోసిన విశ్వవిద్యాలయ పరిశోధనలోనే, జీమెయిల్ ఒకవైపు మొగ్గితే యాహూ, ఔట్‌లుక్ రెండోవైపు మొగ్గాయనీ, కావాలని చేశారనుకోవడానికి కారణం కనబడలేదనీ ఉంది.

అలాగని కార్యాలయాలను వదిలేయలేం. మిషను పొరపాటు మిషనుది, పంపి చేతులు దులుపుకోవడం మనుషులది. దరఖాస్తు మీద నా ఫోన్ నంబరుంది. జవాబు పంపిన రోజే ఒక్క మెసేజ్ పెడితే ఏం పోయింది? తమకొచ్చిన మెయిళ్ళలో స్పామ్‌నూ రోజుకోసారి చూసి, అందిందని ఒక నంబరు ఇస్తే అరుగు మీద ఆ మాటే పుట్టదు.

నా అప్పీలు మాత్రం స్పీడ్ పోస్టులో వేశాను. రసీదు దాచుకున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా