పూర్వ విద్యార్థుల సంఘం: 2025-26 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఆదివారం పూట ఇంట్లో పనులు మానుకుని వచ్చిన సభ్యులకు నమస్కారం. రాలేకపోయిన వారికి ఈ నివేదిక వాట్సాప్‌లో పంపిస్తాం. దండం బొమ్మ పెట్టేముందు ఒకసారి తెరిచి చదవమని మనవి.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఏడాది కార్యవర్గ సమావేశం ఆరుసార్లు పిలిచాం, నాలుగుసార్లే కోరం వచ్చింది. మొక్కలు నాటే కార్యక్రమం జరిగింది. ఆ మొక్కల సంగతి మాత్రం ఎవరూ అడగకండి.

గర్వంగా చెప్పుకోవాల్సింది జులై చివరి ఆదివారం జరిగిన సభ. కొత్త సెమిస్టర్ మొదలయ్యే ముందు మన విశ్వవిద్యాలయం వీసీ (ఉపకులపతి) గారు పాత విద్యార్థుల ముందుకొచ్చి, ఏం చేయదలిచారో చెప్పడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. అపాయింట్‌మెంట్ కోసం నేనూ కోశాధికారీ నాలుగుసార్లు తిరిగాం. ఆ కార్యాలయంలో ఒకాయన ప్రతిసారీ 'లెటర్ పెట్టండి' అనేవాడు. నాలుగో లెటర్‌తో పాటు మొదటి మూడింటి జిరాక్సులూ పెడితే పని జరిగింది.

వీసీ గారు పది గంటలంటే పది గంటలకే వచ్చారు. అప్పటికి హాల్లో ఉన్నది మైక్‌సెట్ అబ్బాయి, నేను, మన ఉపాధ్యక్షురాలు. ఆయన ఏమీ అనుకోకుండా ముందు వరుసలో కూర్చుని కాఫీ తాగారు. నాకు మాత్రం ఆ అరగంట టెన్షన్‌తో చెమటలు పట్టాయి.

ఆయన మొదటి మాటే బాగుంది: 'ఈ సెమిస్టర్‌లో నేను ఏ భవనానికీ శంకుస్థాపన చేయను. 90 రోజులు పాఠాలు జరిగేలా చూస్తాను.' సెమిస్టర్‌కు 90 బోధనా దినాలు ఉండాలన్నది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనే, కొత్తదేం కాదు. ఆయన జేబులోంచి చిన్న క్యాలెండర్ తీసి నెలనెలా లెక్కపెట్టి చూపించారు. ఆదివారాలు, దసరా, దీపావళి, మిడ్ పరీక్షలు, ప్రాక్టికల్స్ తీసేస్తే 78 దగ్గర ఆగింది. మిగతా 12 రోజులూ రెండో శనివారాలు, సెలవు దినాల్లోంచి తీసుకుంటానన్నారు. వెనక వరుసలో కూర్చున్న ఒక అధ్యాపకుడు గట్టిగానే నిట్టూర్చాడు.

రెండో మాట ఫలితాల గురించి. సరి (రెండో, నాలుగో) సెమిస్టర్ ఫలితాలు రాకుండానే బేసి (మూడో, ఐదో) సెమిస్టర్ క్లాసులు మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. తప్పిన సబ్జెక్టు ఏదో తెలియకుండానే పిల్లలు పై తరగతిలో కూర్చుంటున్నారు. ఇకపై పరీక్షలయ్యాక 45 రోజుల్లో ఫలితాలు ఇస్తామన్నారు. మూడోది ఖాళీ పోస్టులు. ఇక్కడ ఆయన దాచుకోలేదు. నియామకాలు తన ఒక్కడి చేతిలో లేవని, గెస్ట్ అధ్యాపకుల గంటల బిల్లులు మాత్రం నెల తిరగకుండా ఇప్పించగలనని చెప్పారు. చప్పట్లు ఎక్కువ పడింది దీనికే. పాఠం చెప్పే మనిషికే డబ్బులు అందకపోతే 90 రోజులు ఎవరు నడుపుతారు?

మాటల్లో కట్టమంచి రామలింగారెడ్డి గారి ప్రస్తావన వచ్చింది. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి ఉపకులపతి. ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవి వదిలేశారు. తర్వాత రాధాకృష్ణన్ గారు వచ్చారు, 1936లో మళ్లీ కట్టమంచి వారే వచ్చారు. 'కుర్చీ వదులుకోగలిగినవాడే అందులో కూర్చుని పని చేయగలడు' అన్నారు వీసీ గారు. మంచి మాటే. కానీ ఈయనకు నెలకు ఎన్నిసార్లు సచివాలయానికి పిలుపు వస్తుందో మనకూ తెలుసు కదా.

ఇక జరిగింది చెబుతాను. అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చి సెలవులు పడ్డాయి. అవి పోగా పాఠాలు 84 రోజులు జరిగాయని విద్యార్థులు రాసుకున్న లెక్క. 90 కాకపోయినా, గత ఏడాది కంటే నయమని వాళ్లే అంటున్నారు. ఫలితాలు 45 అనుకుంటే 61 రోజులు పట్టాయి. బిల్లులు ఆగస్టు, సెప్టెంబర్ నెలలకు సకాలంలో వచ్చాయి, తర్వాత మళ్లీ మామూలే. ఈ మూడు సంగతులూ రాసి వీసీ గారికి ఒక ఉత్తరం పంపాం. సభలో మనం ఒక పుస్తకంలో ఆయన మాటలు రాసుకున్నామని ఆయనకు తెలుసు, అందుకే సంతకం పెట్టి పంపాం.

సభలోంచే పుట్టిన మరో పని క్రెడిట్ బ్యాంక్ సహాయ కేంద్రం. క్రెడిట్ బ్యాంక్ అంటే సబ్జెక్టులు పాసైతే వచ్చే క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమయ్యే ఖాతా. ఒక బీఎస్సీ అమ్మాయి లేచి, ఆధార్‌లో తన ఇంటిపేరు 'సీహెచ్' అని పొట్టిగా, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉందని, అందుకే అపార్ ఐడీ (విద్యార్థికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రావడం లేదని చెప్పింది. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కూడాలి. అవి జమ కావాలంటే ముందు ఐడీ ఉండాలి. సెప్టెంబర్‌లో మూడు శనివారాలు లైబ్రరీ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. వస్తామని పేర్లిచ్చిన వారు 20 మంది, వచ్చింది నేను కాకుండా ఇద్దరు. ఆ ఇద్దరూ పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. మిగతా 18 మంది పేర్లు నా దగ్గర ఉన్నాయి.

లెక్కల విషయం: ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు, ఆ లెక్కల కాపీ ఈ నివేదిక చివరి పేజీలో ఉంది. సభకైన ఖర్చులో ఎక్కువ భాగం షామియానా, భోజనాలే. చందా బకాయిలు ఎక్కువగానే ఉన్నాయి. ఎవరివో చదవను.

హాలు ఇచ్చిన కళాశాల యాజమాన్యానికి, అడక్కుండానే జనరేటర్ పంపిన మిత్రుడికి, పులిహోర, చక్రపొంగలి వండించి డబ్బు తీసుకోని వారికి, ఆహ్వానపత్రిక నాలుగుసార్లు దిద్దినా విసుక్కోని ప్రెస్ వారికి, బ్యానర్ కట్టిన, విప్పిన పిల్లలకి, పది గంటలకే వచ్చి నాతో పాటు భయపడిన ఉపాధ్యక్షురాలికి కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిచిపోతే క్షమించండి.

కొత్త కార్యవర్గం ఎన్నిక ఈ రోజే. కార్యదర్శి పదవికి ఇప్పటివరకు ఒక్క నామినేషనూ రాలేదు. నన్ను అడక్కుండా నా పేరు రాసిన వారు దయచేసి ఆ కాగితం వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి