బడికి రాకముందు ఇంట్లో జరిగే చదువు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఎల్‌కేజీ, యూకేజీ ప్రవేశాల సమయంలో మీలో చాలామంది నన్ను అడిగిన మాట ఒక్కటే: "మా పిల్ల చేత రోజుకెంత రాయిస్తారు?" పక్క బడిలో మూడున్నరేళ్ల పిల్లలు వంద వరకు అంకెలు రాసేస్తున్నారనీ, మన దగ్గర మాత్రం ఇంకా ఇసుకలో గీతలు గీయిస్తున్నారనీ కొందరు నొచ్చుకున్నారు కూడా. రెక్కల కష్టంతో ఫీజు కట్టేవారు దాని ఫలితాన్ని పిల్లల నోటుపుస్తకాల్లో వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. కానీ అయిదేళ్లలోపు పిల్లల ఎదుగుదలలో బడి కంటే ఇంటి పాత్ర ఎంతో పెద్దది. అందులోనూ మనలాంటి ఆదాయాలున్న కుటుంబాల్లో అది ఎంత పెద్దదో చూపించిన పరిశోధనలు ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికి ఈ నెల వార్తాలేఖలో కాస్త ఎక్కువ చోటే తీసుకుంటున్నాను.

ముందుగా జమైకా సంగతి. కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న ద్వీపదేశపు రాజధాని కింగ్‌స్టన్‌లో, పేదలుండే వాడల్లో, 1986-87లో శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు తన సహచరులతో కలిసి ఒక అధ్యయనం మొదలుపెట్టారు. వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలను తీసుకుని, చీటీలు వేసినట్టుగా నాలుగు జట్లుగా విడదీశారు. అందరి వయసూ 9 నుంచి 24 నెలల మధ్యే. ఒక జట్టు పిల్లలకు వారానికి కిలో చొప్పున పాలపొడి లాంటి పోషకాహారం ఇచ్చారు. రెండో జట్టు పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికి ఒకసారి వెళ్లి, గంటసేపు తల్లి చేత బిడ్డను ఆడించేది. మూడో జట్టుకు రెండూ అందాయి, నాలుగో జట్టుకు ఈ రెండూ లేవు. ఇలా రెండేళ్లు సాగింది.

ఆ గంటలో జరిగిందేమిటో వింటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు, ఎందుకంటే అందులో కొని తెచ్చిన వస్తువు దాదాపు లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, డబ్బా మూతలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలు, చేత్తో కుట్టిన బొమ్మల పుస్తకాలు ఒక సంచిలో వేసుకుని కార్యకర్త వచ్చేది. నేల మీద తల్లీబిడ్డల పక్కనే కూర్చుని ఒక ఆట చూపించేది, తర్వాత తల్లిని ఆడించమనేది. తల్లి బాగా ఆడిస్తే ఆ మాట పైకి చెప్పి మెచ్చుకునేది. వెళ్తూ వెళ్తూ ఆ బొమ్మను వారం పాటు ఇంట్లోనే ఉంచి, మరుసటి వారం దాని బదులు ఇంకొకటి ఇచ్చేది. స్నానం చేయించేటప్పుడు ముక్కు, చెవి, మోకాలు పేర్లు చెప్పమనీ, బట్టలు ఉతికేటప్పుడు పెద్దదేది, చిన్నదేది అని అడగమనీ తల్లులకు నేర్పారు. కార్యకర్త వచ్చేది వారానికి ఒక్క గంటే కదా. మిగిలిన ఆరు రోజులూ ఆ పని చేయాల్సింది తల్లే కాబట్టి, ఆమె చేతికి ఆ నేర్పు, ఆమె మనసుకు ఆ ధీమా అందించడమే ఈ పద్ధతిలోని కిటుకు అని నా అభిప్రాయం.

రెండేళ్లు ముగిసేసరికి పాలపొడి అందిన పిల్లలూ మెరుగయ్యారు, ఆడించిన పిల్లలూ మెరుగయ్యారు. రెండూ అందినవారు మామూలుగా ఎదిగిన పిల్లలకు దాదాపు సమానమయ్యారు. అసలు విషయం ఆ తర్వాత తేలింది. ఏళ్లు గడిచేకొద్దీ పోషకాహారం ఒక్కటే అందినవారిలో తెలివితేటల పరంగా కనిపించిన లాభం చెదిరిపోయింది. ఆడించిన పిల్లల్లో మాత్రం అది నిలిచింది. 22 ఏళ్ల వయసులో వారిని మళ్లీ కలిసినప్పుడు, వారి సంపాదన అలా ఆడించని జట్లవారి కంటే సగటున 25 శాతం ఎక్కువగా ఉంది. వారు కొట్లాటల జోలికి వెళ్లడం కూడా తక్కువే. 31 ఏళ్లకు ఆదాయంలో ఆ తేడా 37 శాతానికి పెరిగింది. దీనర్థం తిండి ముఖ్యం కాదని కాదు. గుడ్డు, పప్పు, ఆకుకూర, పాలు పిల్లలకు తప్పనిసరిగా అందాలి. కడుపు నింపడంతో మన బాధ్యత తీరిపోలేదని మాత్రమే దీన్నిబట్టి తెలుసుకోవాలి.

129 మంది చిన్న సంఖ్యే కాబట్టి, ఒక్క ఊరి అనుభవంతో ఇంత మాట అనవచ్చా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఇదే పద్ధతిని వేరే దేశాల్లోనూ పరీక్షించారు. మన పొరుగు రాష్ట్రం ఒడిశాలో, కటక్ నగరపు మురికివాడల్లో, ఆ వాడల్లోని మహిళలకే శిక్షణ ఇచ్చి 18 నెలల పాటు ఇళ్లకు పంపించారు. పిల్లల ఆలోచనాశక్తి స్పష్టంగా మెరుగుపడిందని 2020లో వెలువడిన ఫలితాలు చెబుతున్నాయి. పాకిస్తాన్‌లోని సింధ్ ప్రాంతంలో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలు తల్లులకు ఈ తరహా శిక్షణ ఇచ్చినప్పుడు, రెండేళ్ల వయసు పిల్లల మాటలు, చేతుల పనితనం, గ్రహణశక్తి మెరుగైనట్టు 2014లో ప్రచురించారు. అయితే పెద్ద ఎత్తున అమలు చేసినప్పుడు లాభం చాలాచోట్ల జమైకాలో కనిపించినంత రాలేదు. కొన్నిచోట్ల కొన్నేళ్లకే పలచబడింది కూడా. సంఖ్యలు అటూ ఇటూ కావచ్చు గానీ, పెద్దలు బిడ్డతో మాట్లాడి ఆడుకునే ఇళ్లలో పిల్లలు ముందుంటారన్న సంగతి మాత్రం దేశదేశాల్లోనూ మళ్లీ మళ్లీ రుజువైంది.

ఇక్కడ నాన్నల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 74 దేశాల సమాచారాన్ని చూసి ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం, మూడు, నాలుగేళ్ల పిల్లల్లో 55 శాతం మందికి తండ్రితో ఆడుకోవడం, ఏదైనా నేర్చుకోవడం అన్నదే లేదు. యూనిసెఫ్ అడిగే పనులు పెద్ద కష్టమైనవేమీ కావు: బొమ్మల పుస్తకం చూపించడం, కథ చెప్పడం, పాట పాడడం, బయట తిప్పడం, ఆడుకోవడం, వస్తువుల పేర్లు చెబుతూ లెక్కపెట్టించడం. మన బడి గేటు దగ్గర పిల్లలను దించి వెళ్లే ఆటో నాన్నలు, మేస్త్రీ పనికి వెళ్లే నాన్నలు రాత్రి ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరరని నాకు తెలుసు. అన్నం తింటూ పది నిమిషాలు మాట్లాడినా సరే. ఆ పది నిమిషాల్లో ఫోన్ పక్కన పెట్టండి, అంతే.

గత నెల ఒక తల్లి కూరగాయల బండి దగ్గర నేను చూసింది చెబుతాను. ఆమె బేరాలు చూసుకుంటూనే పక్కన కూర్చున్న మన యూకేజీ పిల్లవాడి చేత వంకాయలను ముదురు, లేత అని వేరు చేయిస్తోంది. వాడు ఒకటి తప్పు కుప్పలో పడేస్తే తిట్టలేదు, "తొడిమ చూడు నాన్నా" అంది. వాడు చూశాడు, మార్చాడు. పోలిక చూడడం, కారణం వెతకడం, తప్పు దిద్దుకోవడం అన్నీ ఆ బండి దగ్గరే అయిపోయాయి. గణితంలో మేము మొదట నేర్పించే వర్గీకరణ సరిగ్గా అదే. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు, నీళ్లు పట్టేటప్పుడు మీ ఇళ్లలోనూ ఇలాంటి అవకాశాలు రోజూ వస్తూనే ఉంటాయి. నానమ్మలు, అమ్మమ్మలు చెప్పే కథలూ, పొడుపుకథలూ వీటితో సమానమే. వాటిని టీవీకి అప్పగించకండి.

పూట గడవడమే కష్టమైన ఇళ్లలో, ఒంటరిగా పిల్లలను సాకుతున్న తల్లి మీద "ఆడించండి" అంటూ మరో బరువు వేయడం నా ఉద్దేశం కాదు. తల్లి మనసు కుంగిపోయి ఉన్నప్పుడు బిడ్డతో మాట్లాడడమే కష్టమవుతుంది. అలాంటి ఇబ్బంది ఎవరికైనా ఉంటే సంకోచించకుండా నాతో గానీ, మీ క్లాస్ టీచరమ్మతో గానీ చెప్పండి. ఇంట్లో మూడేళ్లలోపు చిన్నవారుంటే అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. ఈ వయసు పిల్లలను ఇంట్లో ఎలా ఆడించాలో చెప్పే "నవచేతన" మార్గదర్శకాలను కేంద్రం 2024లో విడుదల చేసింది. వాటి గురించి అంగన్‌వాడీ టీచర్‌ను అడగవచ్చు.

రాత విషయం కూడా స్పష్టంగా చెబుతున్నాను. ఎల్‌కేజీ పిల్లలకు ఈ ఏడాది రాత హోంవర్క్ ఉండదు. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, ఇసుకలో గీయడం వంటివాటితో వేళ్లకు పట్టు వచ్చాకే పెన్సిల్ చేతికిస్తాం. రాత హోంవర్క్‌కు బదులుగా ప్రతి శుక్రవారం ఒక బొమ్మల పుస్తకం గానీ, టీచర్లు చేసిన ఆటవస్తువు గానీ సంచిలో పెట్టి ఇంటికి పంపిస్తాం. సోమవారం తిరిగి పంపండి. చిరిగినా, విరిగినా డబ్బు అడగం.

వచ్చే నెల మొదటి శనివారం పేరెంట్స్ మీటింగ్‌ను నాన్నలకు కూడా వీలుగా సాయంత్రం ఆరున్నరకు పెడుతున్నాం. ఆ రోజు మార్కుల గురించి మాట్లాడం. ఇంట్లో ఉన్న ఖాళీ సీసాలు, మూతలు, పాత క్యాలెండర్లు తీసుకురండి, అక్కడే కూర్చుని బొమ్మలు చేద్దాం. చంటిపిల్లలను కూడా తీసుకురావచ్చు. ఆ సమయానికి రాలేనివారు డైరీలో రాసి పంపితే, ఆదివారం ఉదయం మరోసారి కూర్చుందాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు