దయ్యాల కోటలో దస్తావేజులు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మురళికి,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో అందరూ క్షేమమని తెలిసి సంతోషించాను. "దయ్యాల కథల మీద అయిదేళ్లుగా ఏం పరిశోధిస్తున్నావు, ఇంకా భయం తీరలేదా?" అని చివర్లో ఒక ఎత్తిపొడుపు వేశావు చూడు, దానికి మాత్రం తీరిగ్గా జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పొద్దస్తమానం నువ్వు చూసే కాగితాలకూ, నేను చదివే ఈ గోథిక్ నవలలకూ, అంటే పాత కోటలూ దయ్యాలూ రహస్యాలూ నిండిన ఇంగ్లీషు భయానక కథలకూ, దగ్గరి చుట్టరికమే ఉంది. ఆ సంగతి నీకు ఇంతకాలం చెప్పకపోవడం నా తప్పే.

ఈ సాహిత్యం పుట్టిందే ఒక దొంగ కాగితంతో. 1764 డిసెంబరు 24న లండన్‌లో 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' అనే చిన్న నవల వెలువడింది. అది 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకానికి అనువాదమనీ, మూలప్రతి ఉత్తర ఇంగ్లండులో ఒక పాత కేథలిక్ కుటుంబం వారి గ్రంథాలయంలో దొరికిందనీ ముందుమాటలో నమ్మబలికారు. మూలరచయితకూ అనువాదకుడికీ చెరొక పేరు కూడా కల్పించి పెట్టారు. పుస్తకం బాగా అమ్ముడుపోయాక, 1765లో వచ్చిన రెండో ముద్రణలో, మాజీ ప్రధాని కుమారుడూ పార్లమెంటు సభ్యుడూ అయిన హొరేస్ వాల్పోల్ అదంతా తన కల్పనేనని ఒప్పుకొని, పేరు కింద 'ఎ గోథిక్ స్టోరీ' అని చేర్చాడు. అంతవరకూ మోటు, పాతకాలపు, అనాగరికం అనే అర్థాల్లో నలుగుతున్న మాట ఒక సాహిత్యశాఖకు పేరయి కూర్చుంది.

ఆ కథలో పెళ్లినాడే ఒక భారీ శిరస్త్రాణం మీదపడి పెళ్లికొడుకు నలిగి చచ్చిపోవడం అందరికీ గుర్తుంటుంది. నీకు నచ్చే భాగం చివర్లో వస్తుంది. ఆ కోటను ఏలుతున్న మాన్‌ఫ్రెడ్ ఉన్నాడే, అతని తాత తన యజమానికి విషం పెట్టి, తన పేర దొంగ వీలునామా పుట్టించాడు. కోటలో జరిగే వింతలన్నిటికీ మూలం ఆ వీలునామాయే. తాత చేసిన ఫోర్జరీకి మనవడి కాలంలో, అసలు వారసుడు వచ్చి నిలబడ్డాక గాని తెరపడదు. మీ కార్యాలయంలో ఇలాంటి దావాల నకళ్లు ఎన్ని చూసి ఉంటావో నీకే తెలియాలి.

లండన్ వెళ్లినప్పుడు ట్వికెన్‌హామ్‌లో వాల్పోల్ కట్టుకున్న స్ట్రాబెరీ హిల్ భవనం చూశాను. అక్కడి గ్యాలరీలో తలెత్తి చూస్తే, వెస్ట్‌మినిస్టర్ ఆబేలోని ఏడవ హెన్రీ ప్రార్థనాలయం కప్పును పోలిన బంగారు పూత నగిషీ, విసనకర్రలు విప్పి బోర్లించినట్టు, ఈ చివరనుంచి ఆ చివరదాకా పరచుకుని కనిపిస్తుంది. రాతి చెక్కడమనే అనుకున్నాను. తీరా చూస్తే అది పేపియర్ మాషే, అంటే మన కొండపల్లిలోనో నిర్మల్‌లోనో బొమ్మలు చేసేవారు చూసినా మెచ్చుకునే కాగితపు గుజ్జు పని! దొంగ మూలప్రతితో నవల రాసినవాడు కాగితపు కప్పు కింద కాపురమున్నాడన్న మాట. మెడ నొప్పి పుట్టేదాకా అక్కడే నిలబడి నాలో నేను నవ్వుకున్నాను.

అసలు విషయానికి వస్తాను. నా పరిశోధన గ్రంథంలో నాలుగో అధ్యాయం ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రి మీద. 1794లో వచ్చిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'కు ప్రచురణకర్తలు ఆమెకు 500 పౌండ్లు ఇచ్చారు. ఆ రోజుల్లో ఒక నవలకు అది కళ్లు తిరిగే మొత్తం. అందులో నల్లని తెర వెనక ఏముందో చూసి కథానాయిక ఎమిలీ మూర్ఛపోతుంది. అది మైనపు బొమ్మ అని మనకు నవల చివరికి గాని చెప్పరు. రాడ్‌క్లిఫ్ దయ్యాలన్నీ ఇంతే, ఆఖరికి ఏదో ఒక సంజాయిషీ ఉంటుంది. సంజాయిషీకి లొంగని భయం మరొకటి ఉంది. ఎమిలీ మేనత్తను పెళ్లాడిన మోంటోనీ, ఆమె పేరున విడిగా ఉన్న ఆస్తిని తనకు రాసివ్వమని వేధించి, సంతకం పెట్టనందుకు ఆమెను కోట బురుజులో బంధిస్తాడు. ఆమె అక్కడ జబ్బుపడి, తరవాత ఆ కోటలోనే చనిపోతుంది. ఆ తరవాత అదే కాగితం ఎమిలీ ముందుకు వస్తుంది. పెళ్లయిన స్త్రీ ఆస్తి భర్త అధీనంలోకి పోయే పద్ధతి ఇంగ్లండులో 1882 చట్టం దాకా పూర్తిగా తొలగలేదు. ఆ సంగతి తెలిసి చదివితే, పదహారో శతాబ్దపు ఇటలీలోని ఆ కోట, లండన్ పాఠకురాలికి పక్కవీధి ఇల్లులాగే కనిపించి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. 1976లో ఎలెన్ మోయర్స్ అనే విమర్శకురాలు 'ఫిమేల్ గోథిక్' (స్త్రీలు రాసిన గోథిక్) అనే మాట పుట్టించిన తరవాతే పరిశోధకులు ఈ కోణాన్ని పట్టించుకోవడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఇవి కాలక్షేపం పుస్తకాల కింద లెక్క.

ఆ లెక్క ఎంత నష్టం చేసిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. జేన్ ఆస్టిన్ మరణించాక, 1817 చివర్లో వెలువడిన 'నార్థాంగర్ ఆబే'లో ఒక అమ్మాయి తన స్నేహితురాలికి ఏడు భయానక నవలల జాబితా చదివి వినిపిస్తుంది. ఆ పుస్తకాలు ఎవరి కంటా పడకపోవడంతో, అవి ఆస్టిన్ సరదాకు కల్పించిన పేర్లని పండితులు చాలాకాలం అనుకున్నారు. 1920ల్లో మైఖేల్ శాడ్లియర్, మాంటేగ్ సమ్మర్స్ వంటి పుస్తకాల వేటగాళ్లు పట్టుదలగా వెతికి, ఏడూ నిజంగా అచ్చయినవేనని తేల్చారు. వాటిలో ఆరు విలియం లేన్ నడిపిన మినర్వా ప్రెస్ అనే ప్రచురణ సంస్థవే. అవి అద్దె గ్రంథాలయాల్లో చేతులు మారి మారి చిరిగిపోయాయి. పెద్ద గ్రంథాలయాలు వాటిని దాచదగినవని అనుకోలేదు. మన ఊరి బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టులో, ఆఖరి పేజీలు ఊడిపోయిన డిటెక్టివ్ నవల తెచ్చుకుని, హంతకుడెవరో మనమే తేల్చుకున్న రోజులు గుర్తున్నాయా? ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడ వెతకాలి చెప్పు.

ఆ ఏడింటినీ ఒక్కచోట చేర్చి, 1968లో మళ్లీ అచ్చుకు సిద్ధం చేసిన సంపాదకుడు ఎవరో తెలుసా? దేవేంద్ర పి. వర్మ. బీహారులోని దర్భంగాలో పుట్టి, కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1957లోనే 'ది గోథిక్ ఫ్లేమ్' అనే ప్రామాణిక గ్రంథం రాసిన మనవాడు. ఈ రంగానికంటూ ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది 1991లో. ఆయన అంతకు ముప్పై ఏళ్ల ముందే ఈ పని నెత్తినేసుకున్నారు. "మనకెందుకయ్యా తెల్లవాళ్ల దయ్యాలు?" అని నన్నొక పెద్దాయన సెమినారులో నిలదీసినప్పుడు ఈ పేరే చెప్పాను. ఆయన వినలేదనుకో, అది వేరే సంగతి.

ప్రస్తుతం నా అవస్థ మరొకటి. ఒక గ్రంథాలయం పంపిన పాత నవల స్కాన్ ప్రతిలో మూడో సంపుటం మధ్య పదహారు పేజీలు లేవు. సరిగ్గా వీలునామా బయటపడే ఘట్టం దగ్గరే తెగిపోయింది. రెండు నెలలుగా రాస్తుంటే, "పరిశీలిస్తున్నాము" అని ఒకే జవాబు వస్తోంది.

ఈలోగా నీతో ఒక పని పడింది. పాత ఇంగ్లీషు చట్టంలో, భార్య పేరునున్న భూమిని కోర్టు ద్వారా బదలాయించే 'ఫైన్' అనే పద్ధతి ఉండేది. ఆమె ఇష్టపూర్వకంగానే ఇస్తోందా అని భర్త లేకుండా విడిగా అడిగేవారు. మీ దగ్గర అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకు హక్కు విడుదల పత్రం రాసిచ్చేటప్పుడు, వేలిముద్ర వేయించే ముందు మీరు ఏమని అడుగుతారు? ఎవరిని పక్కన నిలబెట్టి అడుగుతారు? ఎప్పుడైనా ఎవరైనా "ఇష్టం లేదు" అన్నారా? పేర్లు వద్దు, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ
సుధాకర్